రుద్రమదేవికి జేబు లేదు

బడి పిల్లల కోసం చరిత్ర కథలు రాయడం, వాళ్లతో చదివించడం గురించి ఏమైనా అడగండని పోయిన సంచికలో అన్నాను. అడిగారు! మంచం మీద పరిచి చూస్తే సగం ఉత్తరాలు నోటుబుక్కు మధ్య పేజీ చింపి రాసినవే. 31 ఏళ్లు సోషల్ చెప్పి రిటైరైన దాన్ని. ఎర్ర పెన్ను లేకుండా పిల్లల రాత చదవడం నాకిప్పటికీ చేతకాదు. కథలు పంపినవాళ్లకు దిద్దిన కాగితాలు విడిగా పోస్టులో వస్తాయి. నలుగురికీ పనికొచ్చే సంగతులు మాత్రం ఇక్కడ.

ప్రశ్న: నేను రాసిన కథలో రుద్రమదేవి గుర్రం దిగి, జేబులోంచి ఉత్తరం తీసి చదువుతుంది. మా అన్న చూసి "అప్పుడు జేబులెక్కడియే" అని ఒకటే నవ్వు. నిజంగనే లేవా టీచర్?
– ఏడో తరగతి విద్యార్థిని, పరకాల

జవాబు: మీ అన్న చెప్పింది నిజమే బిడ్డా. కానీ అంత నవ్వాల్సిన తప్పేం కాదు, అచ్చయిన పుస్తకాల్లో ఇంతకన్నా పెద్దవి చూశాను. జేబు అనే మాటే అరబ్బీ నుంచి మనకొచ్చింది. ఈసారి రామప్పకు పోయినప్పుడు స్తంభాల మీది బొమ్మల నడుములు చూడు. కట్టిన బట్ట, దాని కుచ్చిళ్లు, వేలాడే నగలు, అన్నీ పూసపూసా చెక్కారు. చెయ్యి దూర్చడానికి మాత్రం ఎక్కడా సందు దొరకదు.

నీ వాక్యంలో ఇంకోటి కూడా ఉంది. జేబులోంచి తీసిన ఉత్తరం దేని మీద రాసింది? కాగితం మీద అనుకుని ఉంటావు. ఆ మాట కూడా జేబు వచ్చిన దారినే వచ్చింది. రుద్రమకు ఎవరైనా కబురు రాస్తే తాటాకు మీద రాసి ఉంటారు. తాటాకు మీద సిరాతో రాయరు. ఇనుప గంటంతో గీస్తారు. గీసినప్పుడు అక్షరం సరిగ్గా కనపడదు. పైన మసి రాసి తుడిస్తే, గీతల్లో మసి నిలిచి అక్షరం నల్లగా లేస్తుంది. తాటాకును నీ నోటుబుక్కు కాగితంలా నాలుగు మడతలు పెడితే పెళుక్కున విరుగుతుంది. చుట్ట చుట్టి దారం కట్టాలి.

ఇప్పుడు నీ వాక్యం మళ్లీ రాద్దాం. "రుద్రమ గుర్రం దిగి, నడుముకు బిగించిన దట్టీలోంచి తాటాకు చుట్ట తీసి దారం విప్పింది." చూశావా, జేబు పోయింది గానీ దారం దొరికింది. ఆ దారం ముడి వేసిన తీరును బట్టి కబురు పంపింది ఎవరో ఆమె పోల్చుకుందని రాస్తే, అక్కడి నుంచి నీ కథ వేరే దారి పడుతుంది.

నీ కథలో ఇంకో నాలుగు చోట్ల సున్నా చుట్టాను. సేనాపతి "హుకుం" అన్నాడు, మంత్రి "కుర్చీ"లో కూర్చున్నాడు, బయట "సిపాయిలు" నిలబడ్డారు, అందరూ "అయిదు నిమిషాలు" ఆగారు. మొదటి మూడూ అరబ్బీ, పారసీ మాటలు. సుల్తానుల కాలం నుంచి మన నోట నాని మనవైపోయాయి. హుకుంకు ఆన ఉంది, కుర్చీకి పీట ఉంది, సిపాయికి బంటు ఉన్నాడు. నిమిషాలకు గడియ ఉంది. అడుగున సన్నటి చిల్లి ఉన్న రాగిగిన్నెను నీళ్ల మీద వదిలితే, అది నిండి మునగడానికి పట్టే కాలం ఒక గడియ. మన లెక్కలో 24 నిమిషాలు. నీ మంత్రి అంతసేపు ఆగలేడంటే అర గడియ అను.

అన్నట్టు, పైన నేను రాసిన "జవాబు" కూడా ఆ బాపతే. రుద్రమదేవి ఈ శీర్షిక నడిపితే "ప్రత్యుత్తరం" అనో "మారుమాట" అనో రాసేదేమో. నేను నడుపుతున్నాను కాబట్టి జవాబే.

ప్రశ్న: కాకతీయుల సైనికుని మీద కథ రాస్తున్న. యుద్ధానికి పోయే ముందు ఏం తింటడు? జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు అని మా నాన్న చెప్పిండు. రాయొచ్చా?
– ఆరో తరగతి విద్యార్థి, నర్సంపేట

జవాబు: జొన్నరొట్టె రాసెయ్ తమ్మీ. తొక్కు దగ్గర ఆగు. ఆ గుంతలో నేను ముందే పడి లేచాను.

నా మొదటి పిల్లల కథ అచ్చయి 20 ఏళ్లు దాటింది. అందులో ఓరుగల్లు కోట కావలి బంటు ఒకడు పొద్దున్నే బురుజు మీద కూర్చుని జొన్నరొట్టెలో పచ్చిమిరపకాయ నంజుకుంటాడు. ఆ "నంజుకుంటాడు" భలే పడిందని నాలో నేనే మురిసిపోయాను. నెల తిరక్కుండా ఒక పోస్టుకార్డు వచ్చింది. రాసినాయన రైతు. "అమ్మా, నేను ఏటా ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి తోలుతాను. మీ బంటు తిన్న కాయకు విత్తనం ఏ దుకాణంల కొన్నడో కొంచెం రాయగలరు." అంతే. కింద నమస్కారాలు.

మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ పూట అన్నం సయించలేదు. మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. వాస్కోడగామా కోళికోడు రేవులో దిగింది 1498లో. మిరప ఆ పోర్చుగీసు ఓడల వెనకాలే వచ్చింది. ఓరుగల్లు కోట ఢిల్లీ సేనల చేతికి చిక్కింది 1323లో. అంటే నా బంటు కాలానికీ ఆ కాయకూ మధ్య 175 ఏళ్లకు పైగా ఎడం. ఇవాళ చపాట మిర్చికి వరంగల్ పేరుతో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చిందని మనం గొప్పగా చెప్పుకుంటున్నాం. గొప్పే. కానీ ఆ కాయ మన ఊరికి కోడలిగా వచ్చింది, ఆడపడుచు కాదు. ఆ పోస్టుకార్డు ఇప్పటికీ నా నిఘంటువులో గుర్తుకాగితంగా ఉంది.

మరి కారం ఎట్లా? మిరియాలు, పిప్పళ్లు, అల్లం, ఆవాలు. మిరియం పేరే తర్వాత వచ్చిన మిరపకు అంటుకుంది. పులుపుకు చింతపండు, ఉసిరి, మామిడి ఉన్నాయి. టమాట లేదు, ఆలుగడ్డ లేదు, మక్కకంకి లేదు, పల్లీలు లేవు, జామకాయ లేదు. ఇవన్నీ ఆ ఓడల బాపతే. మీ నాన్న చేనులో ఏమున్నాయో ఒకసారి చూసి, వీటిని తీసేస్తే ఏం మిగులుతుందో రాసుకో. నీ కథకు అదే పొలం.

ఓరుగల్లు తిండి ఎట్లుండేదో ఒక పద్యం చెబుతుంది. వినుకొండ వల్లభరాయుడి క్రీడాభిరామంలో ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరుగుతారు. పిల్లల చేతికిచ్చే పుస్తకం కాదు, పెద్దలే చదవాలి. కాకతీయుల తర్వాతి కాలానిదే గానీ ఊరు ఇదే ఊరు. అందులో లక్ష్మణవజ్ఝల గారి పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూకకు ఏమేం పెడతారో చెప్పాడు. కప్పురభోగి బియ్యపు అన్నం, కమ్మటి గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు. ఆ నంజుళ్లు ఏ రకమో తెగ ఆలోచించాను. ఏవైనా కానీ, మిరపకాయ తొక్కు మాత్రం కాదు.

అయితే అది రూక చేతిలో ఉన్నవాడి భోజనం. నీ సైనికుడు పల్లె నుంచి వచ్చినవాడైతే జొన్న గటక, మజ్జిగ, ఉల్లిగడ్డ పెట్టు. ఆ వాసన వచ్చే పూటకూళ్ల ఇంటి ముందు నుంచి వాణ్ని ఒకసారి నడిపించు. కొనుక్కోలేడు. మొలకు కట్టుకున్న ముడి తడుముకుని ముందుకు పోతాడు. వాడు యుద్ధంలో ఏం చేస్తాడో చూడాలని నాకప్పుడు అనిపిస్తుంది.

ఇదే ఓడలో బంతిపువ్వు కూడా దిగింది. కాకతీయుల కాలం పూల పండుగ గురించి రాస్తూ బంతులు, గుమ్మడిపూలు పేర్చిన పిల్లలు అయిదుగురున్నారు. తంగేడు, గునుగు ఉంచండి, బంతి, గుమ్మడి తీసేయండి. బంతి లేని బతుకమ్మ నా కంటికీ ఆనదు, ఏం చేస్తాం.

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. డ్రాగన్ల పుస్తకాలైతే రాత్రి దుప్పటి కింద టార్చి పెట్టుకుని చదువుతాడు. కాకతీయుల పాఠం తీస్తే ఆవలింతలు. చరిత్ర మీద ఇష్టం కలగాలంటే ఏ పుస్తకాలు కొనివ్వాలి?
– ఒక తల్లి, నయీంనగర్, హనుమకొండ

జవాబు: ముందు ఆ డ్రాగన్ల పుస్తకం లాక్కోకండమ్మా. దుప్పటి కింద చదివేవాడికి చదువు రోగం ఆల్రెడీ తగిలింది, మందు వేయకండి. మీరు కొనాల్సింది పుస్తకం కాదు, ఒక ఆదివారం సాయంత్రం ఆటో మాట్లాడుకోండి, చాలు.

కోటకు పోయినవాళ్లంతా నేరుగా కీర్తి తోరణాల దగ్గర దిగి ఫొటోలు దిగుతారు. మీరు ముందే, మట్టికోట దగ్గర దిగండి. రోడ్డు ఆ మట్టి కట్టను కోసుకుంటూ లోపలికి పోతుంది కదా, అక్కడ. చూస్తే చెరువు కట్టలా ఉంటుంది, మేకలు మేస్తుంటాయి. అది కోటగోడ అని చెప్పకపోతే ఎవరూ అనుకోరు. బాబును పైకి ఎక్కించండి. ఎక్కాక ఇది చెప్పండి.

1310లో మాలిక్ కాఫూర్ ఢిల్లీ నుంచి సేనతో వచ్చి ఈ కోటను చుట్టుముట్టాడు. ఆ దండయాత్ర గురించి రాసిన అమీర్ ఖుస్రో ఢిల్లీ సుల్తాను కొలువులో కవి, అంటే అవతలి పక్షం మనిషి. ఆయన ఏమన్నాడంటే, ఈ మట్టిగోడ ఎంత గట్టిదంటే ఉక్కు బల్లెం కూడా దిగదట, యంత్రంతో విసిరిన రాతిగుండు తగిలితే పిల్లలు ఆడుకునే కాయలా ఎగిరి వెనక్కి పడుతుందట. పక్కనే రాతికోట ఉండగా ఆయన మట్టిని మెచ్చుకున్నాడు చూడండి. మనవాళ్లు పొగిడితే సరేలే అనుకోవచ్చు, కొట్టడానికి వచ్చినవాళ్లు పొగిడారు.

ఇది చెప్పి ఊరుకోండి. "ఆ రోజు నీ ఈడు పిల్లాడు ఈ గోడ మీద ఉంటే వాడికి ఏం పని చెప్పి ఉంటారు?" అని ఒక్కమాట అడగండి. నా క్లాసులో ఇదే అడిగితే ఒకడు "నీళ్ల కుండలు మోస్తడు" అన్నాడు. ఇంకొకడు "గుండ్లు ఏరుకొస్తడు, ఎగిరిపడ్డయ్ కద" అన్నాడు. వెనక బెంచీ నుంచి ఒక పిల్ల "వాడు మేకలు మేపనీకి బయటికి పోయిండు, గేటు మూసిన్రు, ఇప్పుడు లోపలికి రాలేడు" అంది. ఆ ముగ్గురిలో ఏ ఒక్కరి మాట పట్టుకున్నా నవల అవుతుంది.

మన పిల్లల చరిత్ర కథల్లో చాలావాటికి నా ఫిర్యాదు ఇదే. రాజు ఉంటాడు, కత్తి ఉంటుంది, పేజీన్నర ఉపన్యాసం ఉంటుంది. పన్నెండేళ్ల పిల్లాడికి చేయడానికి పనే ఉండదు, చప్పట్లు కొట్టడం తప్ప. మీ వాడికి డ్రాగన్ నచ్చడానికి కారణం అది నిప్పులు కక్కడం కాదు, దాని మీద వాడి ఈడు పిల్లాడు ఎక్కి కూర్చోవడం.

తోరణాలు ఆ తర్వాత చూపించండి. పొద్దు గూకేటప్పుడు రాయి రంగు బాగుంటుంది.

ప్రశ్న: రుద్రమదేవి గణపతిదేవుని భార్య అని ఒకచోట చదివాను. కూతురని పాఠంలో ఉంది. ఏది రైటు?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, హుజూరాబాద్

జవాబు: కూతురే. ఆ పొరపాటు పాతది, విదేశీ యాత్రికుడు మార్కోపోలోది. మోటుపల్లి రేవు దేశం గురించి రాస్తూ, భర్త పోయాక నలభై ఏళ్లు న్యాయంగా ఏలిన రాణి అని మెచ్చుకున్నాడు. సాలెగూడంత సన్నటి బట్టల గురించి కూడా రాశాడు. మెచ్చుకోలు సరే, చుట్టరికం తప్పు, ఏళ్లూ తప్పే. ఆమె ఏలింది 1262 నుంచి 1289 వరకు. ఊరు కాని ఊళ్లో నలుగురు చెప్పింది విని రాసుకుంటే ఇట్లాగే అవుతుంది. కథలో వాడుకోవాలంటే భలే పనికొస్తుంది. రేవులో తప్పు వినే విదేశీయుడు, పక్కన నిలబడి "కాదు సామీ, బిడ్డ, బిడ్డ" అని సైగలు చేసే పిల్ల.

ప్రశ్న: పిల్లల కోసం రుద్రమదేవి చివరి రోజుల మీద చిన్న నవల రాస్తున్నాను. ఎంతవరకు కల్పించవచ్చు? ఆమె మరణం, యుద్ధంలో రక్తపాతం 11, 12 ఏళ్ల పిల్లలకు చూపించవచ్చా?
– యువ ఉపాధ్యాయుడు, మహబూబాబాద్

జవాబు: తమ్ముడూ, మీరు చందుపట్ల పోయి వచ్చారా? పోకపోతే నవల రెండు రోజులు పక్కన పెట్టి పోయి రండి. నకిరేకల్ దగ్గర. నేను ఒక వేసవిలో పోయాను. ఊళ్లో శాసనం ఎక్కడని అడిగితే, బీడీ కాల్చుకుంటున్న పెద్దాయన లేచి "రాణమ్మ రాయా?" అని వెంట వచ్చాడు. రాణమ్మ రాయి! పాఠ్యపుస్తకంలో "చందుపట్ల శాసనం, 1289" అని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ రెండు మాటలకు నా చాక్‌పీసు చిన్నబోయింది.

ఆ రాయి చెప్పేది ఇంతే. 1289 నవంబరులో పువ్వుల ముమ్మడి అనే సేవకుడు, కాకతి రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరినందుకు వాళ్ల పుణ్యం కోసం సోమనాథ దేవునికి భూమి ఇచ్చాడు. ఎట్లా పోయారో చెప్పలేదు. కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడి తిరుగుబాటును అణచడానికి పోయి, ఆ పోరులో పోయారని చరిత్రకారులు తేల్చుకున్నారు.

మీ హద్దు అక్కడే కనపడుతోంది కదా. రాయి చెప్పింది ముట్టుకోవద్దు. ఆమె 1289లో పోయింది, మీ కథలో ఇంకో పదేళ్లు బతికించవద్దు. మల్లికార్జునుడిని ద్రోహిని చేసి మలుపు తిప్పవద్దు. ఆయన పేరు ఆమె పేరు పక్కన చెక్కించిన మనిషి ఒకడున్నాడు. రాయి చెప్పనిదంతా మీదే. పువ్వుల ముమ్మడికి ఆ కబురు ఎవరు తెచ్చారు? భూమి ఇచ్చేంత ఉన్నవాడా, ఉన్నదంతా ఇచ్చినవాడా? ఉలితో ఆ అక్షరాలు చెక్కినవాడికి చదువు వచ్చా, గీసిచ్చిన గీత మీద కొట్టుకుంటూ పోయాడా? నాకు రాణి కన్నా ఆ ముమ్మడి మీదే మనసు. మీకు ఉంటే ఆయన ఇంట్లో పదకొండేళ్ల మనవరాలిని పెట్టండి, నవల ఆ పిల్ల చెబుతుంది.

ఇంకో మాట. సినిమాల పుణ్యమా అని రుద్రమదేవి అంటే పాతికేళ్ల పిల్ల కత్తి తిప్పడమే పిల్లల కళ్లల్లో ఉంది. మీ కథ నాటికి ఆమె మనవడు ప్రతాపరుద్రుడు రాజ్యం అందుకునే ఈడుకు వచ్చాడు. కూతురు ముమ్మడమ్మ కొడుకు. అంటే ఆమె అమ్మమ్మ. గుర్రమెక్కి దండు నడిపిన అమ్మమ్మ! ఈ మాట క్లాసులో అన్నప్పుడల్లా పిల్లల ముఖాలు చూడాలి. ప్రతివాడూ వాళ్ల అమ్మమ్మను గుర్రం మీద కూర్చోబెట్టి చూసుకుంటాడు. ఎక్కేటప్పుడు ఆమె మోకాలు నొప్పి పెట్టిందని రాయండి. అంతకంటే ధైర్యం చూపించే వాక్యం నాకు తోచడం లేదు.

రక్తం సంగతి. చావు గురించి పిల్లలకు తెలియదని పెద్దలం అనుకుంటాం. వాళ్లింట్లో కోడిని కోసేటప్పుడు రెక్కలు పట్టుకునేది వాళ్లే. చావు రాయండి, నరకడాన్ని రుచి చూస్తూ రాయకండి. 1323 పాఠం చెప్పినప్పుడు, ప్రతాపరుద్రుడిని పట్టి ఢిల్లీకి తీసుకుపోతుంటే దారిలో నర్మద ఒడ్డున పోయాడన్నాను. రాజు గురించి ఎవరూ ఏమీ అడగలేదు. "కోటల ఏనుగులేమైనయ్ టీచర్, వాటికి మ్యాత ఎవరేసిన్రు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు మీ నవలలో చోటు ఉంటే రక్తపాతం ఎంత పెట్టాలో మీకే తెలిసిపోతుంది.

ప్రశ్న: మాది మేడారం దగ్గరి ఊరు. బళ్లో ప్రతాపరుద్రుడు గొప్ప రాజు అని చదువుకున్నం. మా అమ్మమ్మ సమ్మక్క కథ చెప్తే అందులో ఆయన సైన్యమే మనోళ్లను చంపుతది. నేను కథ రాస్తే ఎవరి దిక్కు రాయాలె?
– ఎనిమిదో తరగతి విద్యార్థిని, తాడ్వాయి

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను కుర్చీలోంచి లేపింది నీదే బిడ్డా.

ముందు నీ దగ్గర ఉన్నది ఏంటో చూసుకో. అమ్మమ్మ చెప్పిన కథ ఉంది. కరువొచ్చి పన్ను కట్టలేకపోవడం, సైన్యం రావడం, సమ్మక్క భర్త పగిడిద్దరాజు, బిడ్డ సారలమ్మ పోరాడి పడిపోవడం, కొడుకు జంపన్న దూకిన వాగుకు ఆయన పేరే నిలవడం, సమ్మక్క గాయాలతో చిలకలగుట్ట వైపు పోయి కనపడకపోవడం, వెతికినవాళ్లకు కుంకుమభరిణె దొరకడం. ఓరుగల్లు రాజుల కథకు రాళ్లున్నాయి. మీ కథకు పాటలున్నాయి, డోలి కోయలు చూపించి చెప్పే పడిగెలున్నాయి, అంటే కథ బొమ్మలున్న గుడ్డ జెండాలు, రెండేళ్లకోసారి గద్దెల మీదికి వచ్చే తల్లులున్నారు. రాయి మీద చెక్కించుకోగలిగింది భూమి, బంగారం ఉన్నవాళ్లు. మీ వాళ్లు బెల్లాన్నే బంగారం అన్నారు.

నాకు ఓరుగల్లు రాజుల మీద ఎంత మోజో ఈ శీర్షిక చదివేవాళ్లందరికీ తెలుసు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల పేరు చెబితే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కానీ చెరువు తవ్వించిన చెయ్యీ, పన్ను అడిగిన చెయ్యీ ఒకే రాజ్యానివి. పిల్లలకు ఒక చెయ్యే చూపిస్తూ వచ్చాం. నేనూ అంతే చెప్పాను, చాలా ఏళ్లు.

నువ్వు అమ్మమ్మ దిక్కే రాయి, మొహమాటం లేకుండా. ఒక్క చిన్న పని మాత్రం చెయ్యి. వచ్చిన సైన్యంలో గుర్రాలకు గడ్డి వేసే పిల్లాడిని ఒకడిని పెట్టు. వాడి ఊళ్లో చెరువు నిండింది, అందుకని వాడికి రాజు దేవుడు. వాడు వాగు దగ్గర నీ కథలోని పిల్లను చూస్తాడు. ఏం మాట్లాడుకుంటారో నేను చెప్పను. రాసి నాకు పంపు, ఎర్ర పెన్ను ముట్టనని మాట ఇస్తున్నాను.

రాసింది ముందు అమ్మమ్మకు చదివి వినిపించు. తల్లుల కథ కదా, ఆమె వద్దన్న మాట తీసెయ్.

ప్రశ్న: కాకతీయుల పాత్రలు తెలంగాణ యాసలో మాట్లాడితే తప్పా? గ్రాంథికంలోనే రాయాలా?
– కథా రచయిత, కరీంనగర్

జవాబు: వాళ్లు మాట్లాడింది ఈ రెండూ కాదు. కాబట్టి చదివే పిల్లలకు ఏది దగ్గరో అది రాయండి. ఆ కాలంలోనే పాల్కురికి సోమనాథుడు నలుగురికీ అందాలని జాను తెనుగులో, ద్విపదలో రాశాడు. మనం 11 ఏళ్ల పిల్ల ముందు "తండ్రీ! తమ యానతి" అని తలుపు వేసుకుంటే ఎట్లా?

ఒక్కటి మాత్రం చేయకండి. రాజు గ్రాంథికం, మంత్రి శిష్టం, గుర్రాలవాడు మాత్రం యాస. ఇట్లా రాసిన కథలు నాకు నెలకు నాలుగు వస్తాయి. యాస పనివాళ్లదని చెప్పకుండానే చెప్పినట్టవుతుంది. కొలువులో ఎట్లైనా మాట్లాడనివ్వండి, ఇంటికొచ్చి కూతురిని "తిన్నవా బిడ్డా" అని రుద్రమదేవినే అడగనివ్వండి.

ప్రశ్న: మా ఇంట్ల రాజులు లేరు. మా తాతకు అమ్మ ఉంది, తొంభై దాటింది. ఆమె చిన్నప్పటి సంగతి రాస్తే చరిత్ర కథ అయితదా? ఎట్ల రాయాలె?
– ఏడో తరగతి విద్యార్థి, జనగామ

జవాబు: అయితది తమ్మీ, రుద్రమదేవి కథ కన్నా ముందు ఇదే రాయి. రుద్రమ ఎక్కడికీ పోదు.

మీ తాతమ్మకు సంవత్సరాలు గుర్తుండవు, అడిగి విసిగించకు. దొరల మీద జరిగిన తెలంగాణ పోరాటంలో కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చి చంపింది 1946 జులై 4న. నిజాం రాజ్యం మీదికి భారత సైన్యం వచ్చిన పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబరులో. "అప్పటికి నీకు పెండ్లయిందా? నీ చేతిల పిల్ల ఉందా?" అని అడిగితే లెక్క నువ్వే కట్టుకోవచ్చు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం దొరతో పోరాడిన సంగతి ఆమె చెవిన ఎట్లా పడిందో అడుగు. పుస్తకంలో ఉన్నదానికి ఆమె చెప్పిందానికి తేడా వస్తే రెండూ రాసుకో, దిద్దకు.

అడిగే తీరు ముఖ్యం. "అప్పుడు కష్టాలు పడ్డరా?" అంటే "పడ్డం బిడ్డా" అని ఊరుకుంటారు. దొర గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతిలో పట్టుకున్నారా, చంకలో పెట్టుకున్నారా అని అడుగు. వెట్టికి ఇంట్లోంచి ఎవరు పోయేవాళ్లు, వాళ్లు తిరిగొచ్చేసరికి పొయ్యి మీద ఏముండేదో అడుగు. నిజాం పక్షపు రజాకార్లు వచ్చినప్పుడు భయమేసిందా అని అడగకు, లేదంటుంది. ఆ రాత్రి ఎక్కడ పడుకున్నరు అని అడుగు. నా క్లాసులో ఒక పిల్ల ఈ ప్రశ్న వాళ్ల నానమ్మను అడిగితే, ఆమె కాసేపు ఆగి "జొన్నచేన్ల. మా చెల్లె దగ్గుతదని మా అమ్మ దాని నోట్ల కొంగు కుక్కింది" అందట. ఆ పిల్ల తెచ్చిన కాగితంలో ఆ రెండు వాక్యాలే ఉన్నాయి. పదికి పది వేశాను.

మీ నాన్న ఫోను అడిగి రికార్డింగు పెట్టు. పంఖా బందు చెయ్యి, లేకపోతే గాలి మోతే వినపడుతుంది. మధ్యలో "తర్వాత? తర్వాత?" అనకు. ఆమె ఆగితే నువ్వూ ఆగు. ఆకువక్క దంచుకుంటూ చెబుతానంటే వద్దనకు, ఆ చిన్న రోలు చప్పుడు కూడా రికార్డు కానీ.